బోణీ అయ్యాకే ఫోటో

పోయినవి ముందు రాస్తాను. రోడ్డు వెడల్పులో మా బజారు వీధి మొదటి సగం పోయింది. తూర్పు వరస కొట్లు ఇరవై రెండు, పడమటి వరస పదిహేడు, మొత్తం ముప్ఫై తొమ్మిది కొట్ల ముఖాలు. వాటిలో పలకల తలుపులవి పద్నాలుగు. చేత్తో రాసిన బోర్డులు పదకొండు. వీధి అరుగులు ఎనిమిది, వేపచెట్లు రెండు, పోస్టు డబ్బా ఒకటి. విజయనగరంలో ఆ వీధి చివరున్న కలప అడితిలో నేను ఇరవై ఆరేళ్లుగా పనిచేస్తున్నాను. ఏడాదికి మూడొందల రోజులు, రోజుకి రెండుసార్లు వేసుకున్నా పదిహేను వేల ఆరువందల సార్లు ఆ కొట్ల ముందు నుంచి నడిచాను. వాటి ఫోటోలు నా దగ్గర ఎన్నున్నాయంటే, సున్నా.

నేను పదో తరగతితో ఆపేసినవాణ్ని. లెక్క అడితిలోనే, దుంగల మధ్య, సొంతంగా నేర్చుకున్నాను. చుట్టుకొలత, పొడుగు చెబితే కాగితం లేకుండా ఘనపుటడుగులు చెప్పగలను. ఏది అందమో చెప్పమంటే మాత్రం నోరు పెగలదు. అలాంటివాణ్ని యాభై ఒకటో ఏట, పెళ్లి ఫోటోలు మానేసిన ఒకాయన దగ్గర పాత కెమెరా కొన్నాను.

మా ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఈ వయసులో ఎవుల్ని తీస్తావు?" అంది.

"కొట్లని."

"నయమే. అవైతే కదలవు."

కదిలిపోతున్నాయనే నా తొందర. వీధి రెండో సగంలో ముప్ఫై ఒక్క కొట్లు మిగిలాయి. ఎంత లోపలికి కొట్టేస్తారో ఆ కొలత గోడల మీద ఎర్ర రంగుతో రాసి వెళ్లారు. ముప్ఫై ఒకటీ తీయాలి, ఒక్కటి కూడా వదలకూడదు అనుకున్నాను. ముందుగా మూడు రోజులు వెలుగు కొలిచాను. చలికాలంలో తూర్పు ముఖం కొట్ల మీద ఎండ ఆరూ నలభైకి చూరు దగ్గర పడుతుంది. గడప దాకా దిగడానికి నలభై రెండు నిమిషాలు. సరిగ్గా ఆ వేళకే కొట్లు తెరుస్తారు. అంతా కుదిరిందనుకున్నాను.

బోణీ సంగతి మర్చిపోయాను.

మొదటి రోజు కెమెరా ఎత్తగానే కిరాణా కొట్టాయన చెయ్యి అడ్డం పెట్టాడు. "బోణీ కానేదు, ఫోటో ఏటి బావా? ముందు ఏటైనా కొను. తర్వాత నిలబెట్టి తీస్తావో, పడుకోబెట్టి తీస్తావో నీ ఇష్టం."

పుట్టి పెరిగిన ఊరు, నాకు తెలియనిది కాదు. పొద్దున్న మొదటి బేరం కాకుండా అప్పు అడగం, ఊరికే ధర అడిగి వెళ్లిపోం. కెమెరా చేతికి రాగానే ఆ ఇంగితం పోయింది. మర్నాటి నుంచి కొట్టుకొక బోణీ చేశాను. అగరొత్తులు, మేకులు, చీపురు, గుండీలు. మా ఇంట్లో ఇప్పటికీ గుండీలకి లోటు లేదు. బోణీ అయ్యాక వాళ్లే "మరి మాకో కాపీ?" అనేవారు. సరేనని చీటీ మీద రాసుకునేవాణ్ని. పడమటి ముఖం వాటికి సాయంత్రం ఎండ వాడుకున్నాను. రెండు నెలల్లో ముప్ఫై కొట్లు అయ్యాయి.

ముప్ఫై ఒకటోది తక్కెడలు బాగుచేసే ముసలాయనది. మొదటి నుంచీ నా ఆశంతా ఆ కొట్టు మీదే. తొమ్మిది పలకల తలుపు. వరస తప్పకుండా ప్రతి పలక మీదా తెల్లరంగుతో తెలుగు అంకె వేసి ఉంటుంది, ౧, ౨, ౩ అని. అలాంటి అంకెలున్న కొట్లు మొదటి సగంలో ఐదుండేవి. ఐదూ పోయి, వీధి మొత్తానికి ఇదొక్కటే మిగిలింది. దీని గోడ మీద ఎర్ర కొలత తొమ్మిదడుగులు. కొట్టు లోతు పదకొండు. మిగిలే రెండడుగుల్లో మనిషి పక్కకి తిరిగి నిలబడాలి.

పొద్దున్నే వెళ్లి కిలో రాయి ఒకటి ఇమ్మన్నాను. ఆయన కళ్లజోడు పైకి తోసి చూశాడు.

"నీకు తక్కెడ ఉన్నాదేటి?"

"లేదు మావా."

"మరి రాయెందుకు, నెత్తినేసుకుంటావా?"

"బోణీ చేద్దామని..."

"తెలుసులే. వీదంతా సెప్పుకుంతన్నారు. అక్కర్లేని బోణీ నాకొద్దు. నిజంగా తక్కెడ పట్టుకుని ఎవులైనా వస్తే అప్పుడు తియ్యి. నానడ్డం రాను."

అందరూ కరెంటు కాటాలకి మారిపోయారు. ఆయన దగ్గరికి ఎవరో ఎప్పుడో వస్తారు, వస్తే పొద్దెక్కాక వస్తారని పక్కనున్న టీ కొట్టు అప్ప చెప్పింది. కూల్చేవాళ్లు ఎప్పుడొస్తారో ఎవరికీ తెలియదు. నేను రోజూ ఆరున్నరకి వెళ్లి ఎదుటి అరుగు మీద కూర్చుని, ఎనిమిదిన్నరకి లేచి అడితికి పోయేవాణ్ని.

"తపస్సు బాగా సాగుతన్నాదా బాబూ?" అని అప్ప రోజూ అడిగేది. టీకి మాత్రం బోణీ నాదే.

నాలుగో రోజు, ఆయన పలకలు తీస్తుంటే ఆరో పలక మీద అంకె లేదని గమనించాను. మిగతావి టేకు, అదొక్కటీ మామిడి చెక్క.

"ఆరు ఏది మావా?"

"తుపాన్లో ఎగిరిపోనాది. ఎక్కడ పడ్డాదో."

"కొత్తదాని మీద రాయలేదేం?"

"దేనికి? అయిదూ ఏడూ ఉన్నాయి కదా. దీని సోటు అవే సెప్తాయి."

ఆ రోజు అడితికి ఆలస్యంగా వెళ్లాను. వీధి మొదటి సగంలోకి వెనక్కి నడిచి, ఇన్నాళ్లూ తల వంచుకుని దాటేసిన చోట ఆగి చూశాను. సగం కోసేసిన ఇంటి లోపలి నీలం గోడ ఇప్పుడు రోడ్డు మీదకి ఉంది. గోడలో గూడు, గూట్లో దీపం మసి. ఇంకోచోట మూడు మెట్లు మిగిలాయి, ఎక్కితే పైన ఏమీ లేదు. ఒక మేకు కింద క్యాలెండరు మేరకు రంగు వెలవకుండా నిలిచింది. అది బట్టల కొట్టు గల్లా వెనక గోడ. ఆ క్యాలెండరు నేను చూసినదే. అటు మిగిలిన గోడా ఇటు మిగిలిన గోడా కలిపి, మధ్య ఖాళీతో సహా తీశాను. పదకొండో రోజుకి ముప్ఫై తొమ్మిది ఖాళీలూ తీసేశాను. ఆ ముప్ఫై తొమ్మిదింటికీ ఎండ లెక్క వేసుకోలేదు. ఏం తీయాలో తెలిశాక అడితికి వెళ్లే దారిలో, వచ్చే దారిలో, ఉన్న వెలుగులోనే తీశాను.

పన్నెండో రోజు ఆదివారం, అడితికి సెలవు. పదిన్నర దాటాక నెత్తిన చేపల గంపతో, చేతిలో తక్కెడతో ఒకావిడ వచ్చింది. అరుగు మీద నుంచి లేచి నిలబడ్డాను.

"ఓ మావా, సూడు దీన్ని. ఎడం పళ్లెం కిందకే పోతన్నాది. తూకంలో సేప తోక మింగేసినానని నిన్న ఒకడు పదిమందిలో కడిగేసినాడు."

"నువ్వు మింగనేదేటి?"

"మింగితే ఇలగుంతానా, ఎండు పరిగి సేపలాగ? బేగి సెయ్యి, సేప పాడైపోద్ది."

ఆయన ఆకురాయితో కొక్కెం రెండుసార్లు గీసి, కుడి పళ్లెం అడుగున సీసం ముక్క అతికించాడు. ఆవిడ డబ్బులిచ్చింది. ఆయన కళ్లకద్దుకుని, నా వైపు చూడకుండానే, "అయిపోనాది బోణీ. తియ్యి" అన్నాడు.

కొట్టు ముందు నా నలభై రెండు నిమిషాల ఎండ ఎప్పుడో దాటిపోయింది. లోపలంతా నీడ. సరిగ్గా అప్పుడు ఆవిడ, తక్కెడ ముల్లు నిటారుగా నిలుస్తుందో లేదో చూద్దామని, దాన్ని వీధిలోకి ఎత్తి పట్టుకుంది. తోమి తోమి తెల్లబడ్డ పళ్లెం నుంచి ఎండ తిరిగి ఆయన ముఖం మీద పడింది, గోడకి చేరేసిన పలకల మీద కూడా. ఒక్కసారే నొక్కాను. రెండోసారికి ఆవిడ చెయ్యి దించేసింది.

"నన్నెందుకు తీసినావు?"

"నీ చెయ్యీ, తక్కెడా మాత్రమే పడ్డాయమ్మా."

"అయితే నా సెయ్యి నాకియ్యాల. కాపీ తే. ఈ వీదిలోనే కదా తిరుగుతాను, నేదంటే చీపురుపల్లి బజార్లో ఉంటాను."

గంపెత్తుకుని వెళ్లిపోయింది. పేరు గాని, ఊరు గాని అడగలేదు. అన్నీ రాసుకునేవాణ్ని ఆ రోజు చీటీ మీద 'చేపలావిడ, 1' అని మాత్రం రాసుకున్నాను.

పంతొమ్మిది రోజులకి కొట్టేశారు. అంతకు నాలుగు రోజుల ముందే ముసలాయనకి కాపీ ఇచ్చాను. చాలాసేపు చూసి, "ఆరోది కూడా పడ్డాది" అన్నాడు. తొమ్మిది పలకలూ కట్ట కట్టించి, పాతపట్నంలో కూతురింటికి పట్టుకుపోయాడు.

రోడ్డు వెడల్పయ్యాక గంపలవాళ్లు ఆ వీధికి రావడం లేదు. అందుకని ఆదివారాలు రైలెక్కి చీపురుపల్లి వెళ్తున్నాను. ఇప్పటికి ఏడుసార్లయింది. "తక్కెడ బాగుచేయించుకున్నావిడ" అంటే అక్కడి ఆడవాళ్లు నవ్వుతారు. "మా తక్కెళ్లన్నీ బాగానే ఉన్నాయి బాబూ, నీకే ఏటో తేడా ఉన్నాది" అంటారు. ఫోటో చూపిస్తే, "సెయ్యి సూసి ఎలా సెప్తాం? మొగమేది?" అంటారు. పోయినసారి ఒక పెద్దావిడ మాత్రం మణికట్టు మీది పచ్చబొట్టుని దగ్గరగా చూసి, సముద్రం ఒడ్డు ఊళ్లలో అడగమంది. అక్కడికీ వెళ్తాను.

మాటిచ్చిన కాపీలు ముప్ఫై రెండు. చేర్చినవి ముప్ఫై ఒకటి. ఇవ్వాల్సింది ఒకటి.