పచ్చ మీట

మా కాలేజీ సైకాలజీ ల్యాబులో ప్రయోగాలకు ప్రోగ్రాములు రాసేది నాలుగేళ్లుగా నేనొక్కదాన్నే. తెరమీద ఏది ఎప్పుడు కనిపించాలి, మీట నొక్కడానికి మనిషికి ఎంతసేపు పట్టింది, అన్నీ నా చేతి రాతే. నిజామాబాద్‌లో ఈ పని తెలిసినదాన్ని నేనే అని కొంచెం పొగరు కూడా ఉండేది, ఆ అమ్మాయి ల్యాబులో చేరేదాకా.

బోధన్ దగ్గర కాలువ కింద చెరకు పండించే ఇంటి పిల్ల. తాతల నాడు కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లు. నేను మూడు రోజులు కుస్తీ పట్టే ప్రోగ్రామును పొద్దున మొదలుపెట్టి, టిఫిన్ డబ్బా తెరిచేలోపు ముగించేది. ల్యాబు నడిపే మేడమ్ నా పనికి "బాగుంది" అనేవారు. ఆమె పనికి కుర్చీలోంచి లేచొచ్చి చూసేవారు. నాకు కడుపు మండిపోయేది. అసూయ అని తెలుసు, అయినా మండేది. వచ్చే ఏడాది పెద్ద ప్రాజెక్టులో ప్రోగ్రాములు రాసే కొలువు ఒక్కటే ఉంది. అది నాదేనని ఇంట్లో చెప్పేసుకున్నాను కూడా.

కొత్త ప్రయోగం ఆమెకే ఇచ్చారు. హెడ్‌ఫోన్‌లో ఒక రంగు పేరు వినిపిస్తుంది, ఆ రంగు స్టిక్కరున్న మీట వెంటనే నొక్కాలి. ఎరుపు, నీలం, పసుపు, పచ్చ. పలికిన గొంతూ ఆమెదే. ఇంకా నయం, మీటలు కూడా తనే నొక్కుతాననలేదు.

"అక్కా, తప్పులేమన్నా ఉంటే చెప్పండి, ప్లీజ్" అని లాప్‌టాప్ నా చేతికిచ్చింది. రెండో నిమిషంలోనే దొరికింది. 'పచ్చ' అని వినిపిస్తే ఆకు రంగు మీట నొక్కితేనే సరి అని రాసింది. వాళ్లింట్లో పచ్చంటే అదే. మా కమ్మర్‌పల్లిలో పచ్చంటే పసుపుకొమ్ము రంగు. ఆకు రంగును ఆకుపచ్చ అంటాం. ఒక్క మాట మారిస్తే చాలు.

"అంతా బాగుంది" అని తిరిగిచ్చేశాను.

ప్రయోగం మా ఊళ్లోనే, పంచాయతీ ఆఫీసులో. పసుపు రైతులను పిలుచుకొచ్చింది నేనే. మొదట కూర్చున్నది మా నాన్న, మేం బాపు అంటాం. 'పచ్చ' అని వినబడ్డప్పుడల్లా ఠక్కున పసుపు రంగు మీట నొక్కాడు. తెర 'తప్పు' అంది. మళ్లీ నొక్కాడు, మళ్లీ తప్పు. కండువాతో చెమట తుడుచుకున్నాడు. తర్వాత కూర్చున్నవాళ్లదీ అదే గతి. మేడమ్ ఫలితాలు చూసి, "వీళ్లకి ధ్యాస తక్కువలా ఉంది" అన్నారు. ఆ అమ్మాయి కోసం తవ్విన గోతిలో మా బాపు పడ్డాడు.

ఆ అమ్మాయి ఊరుకోలేదు. బాపు పక్కన కూర్చుని, "పచ్చ అంటే ఇది ఎందుకు నొక్కారండీ?" అని అడిగింది.

"గిది పచ్చనే గద బిడ్డా. పసుపు ఎన్నడు సూడలేదా?"

ఆమె ముఖం పాలిపోయింది. "తప్పు వీళ్లది కాదు మేడమ్, నాది" అని అక్కడికక్కడే 'ఆకుపచ్చ' అని కొత్తగా పలికి, అందరితో మళ్లీ చేయించింది. బాపుకు ఈసారి ఒక్క తప్పూ రాలేదు. తప్పు ఒప్పుకోవడంలోనూ నన్ను మించిపోయిందని అప్పుడు కూడా మండింది, ఏం చెప్పను.

బాపు నావైపు తిరిగాడు. "నువ్వు గూడ ముందుగాల సూసినవా గిది?"

"సూసిన బాపు. యాదికి రాలే."

"ఎట్ల రాదు? సిన్నప్పుడు పచ్చకామెర్లయితే, నా కండ్లు పచ్చగైనయని అద్దం సూసుకుంట ఏడ్వలేదా? పచ్చంటే ఏందో నీకు తెల్వకపోతే ఇంకెవలకు తెలుసు?"

మేడమ్ నవ్వారు. ఆ అమ్మాయి నవ్వలేదు. నావైపు ఒకసారి చూసి, లాప్‌టాప్ తన సంచిలో పెట్టుకుంది. తిరుగు ఆటోలో ఆర్మూర్ దాకా పక్కపక్కనే కూర్చున్నాం. ఒక్కసారి కూడా నన్ను అక్కా అనలేదు.