చిత్తూరు బస్సుకు క్యారియర్

తొంభైలలో నేను భారతం నాటకాల్లో బఫూన్ వేషం వేసేవాణ్ణి. చిత్తూరు చుట్టుపక్కల ఏ ఊళ్లో భారతం పెట్టినా పద్దెనిమిది రోజులు మా మేళానికి అక్కడే మకాం. భీముడికీ అర్జునుడికీ పద్యాలుంటాయి, కిరీటాలుంటాయి. బఫూన్‌కు ఏమీ ఉండవు. ఆ ఊళ్లో దొరికిన సంగతులతోనే ఆ ఊరిని నవ్వించాలి. అందుకని టీ అంగడి దగ్గర కూర్చుని ఎవరి నడక ఎలా ఉంటుంది, ఎవరెవరు దేనికి పోట్లాడుకున్నారు అని కూపీ లాగేవాణ్ణి. జనం అడగనివి కూడా చెప్పేవాళ్లు. పక్కింటివాడి మీద నవ్వు ఎవరికి చేదు? తమ వంతు వస్తే మాత్రం మొహాలు మాడ్చుకునేవాళ్లు.

నాకు ఈ వేషం నేర్పిన పెద్దాయన ఒకటే షరతు పెట్టాడు. "ఎవురి ముచ్చటైనా తీసుకో. అయితే ముందు ఒకసారి ఆ ఇంటి ముందర నడిసిరా. ఆ ఇంట్లో ఏముండాదో సూసినాకనే ఆడు." చాదస్తమని విసుక్కుంటూనే చాలా ఏళ్లు పాటించాను. ఒక్క ఊళ్లో మాత్రం పాటించలేదు.

భారతంలో చివరి రోజు దుర్యోధన వధ. మట్టితో చేసిన పెద్ద దుర్యోధనుణ్ణి పట్టపగలు మైదానంలో పడుకోబెడతారు. భీముడు వేషం కట్టుకుని వచ్చేదాకా జనాన్ని ఆ ఎండలో కూర్చోబెట్టాల్సింది బఫూనే. పదిహేడు రోజుల్లో నా సరుకంతా అయిపోయింది. పొద్దున్నే టీ అంగడాయన్ని అడిగాను.

"మావూర్లో ఒకామె ఉండాదప్పా," అన్నాడు. "దినామూ సాయంత్రం చిత్తూరు బస్సుకు అన్నం క్యారియర్ ఎత్తుకోని పోతాది. ఎవురూ దిగరు. మల్లా ఎత్తుకోనొస్తాది."

ఎవరి కోసమని నేను అడగలేదు. ఆయనా చెప్పలేదు. అప్పటికే ఎండెక్కుతోంది, ఆమె ఇల్లు వెతుక్కుంటూ పోయే ఓపిక లేకపోయింది.

మైదానంలో తువ్వాలును కొంగులా కప్పుకుని, వయ్యారంగా క్యారియర్ ఊపుకుంటూ నడిచాను. బస్సు వచ్చినట్టు ఒక్కొక్క కిటికీలోకీ తొంగి చూశాను. జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. నవ్వు వినబడితే బఫూన్ ఆగడు, అది మాకున్న జబ్బు. ఇంకొంచెం పెంచాను. ఒకడు బస్సు దిగినట్టు, క్యారియర్ లాక్కుని గిన్నెలన్నీ గబగబా ఊడ్చి గట్టిగా తేన్చినట్టు చేశాను.

రాత్రి నాటకాల్లో వెలుతురంతా మా మీదే ఉంటుంది, జనం మొహాలు కనబడవు. ఆ పూట అందరూ కనబడ్డారు. ఆడవాళ్ల వరుసలో ఒకామె అంతసేపూ నవ్వలేదు. దిగినవాడు తినడం మొదలుపెట్టగానే మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమెను కూడా నవ్వించానని పొంగిపోయాను.

సాయంత్రం బోరింగు దగ్గర మొహానికున్న రంగు కడుక్కుంటున్నాను. దారిన పోయేవాళ్లు "క్యారియర్ బలే ఉండిందప్పా" అని మెచ్చుకుని పోతున్నారు. అప్పుడు ఆమె వచ్చింది. చేతిలో క్యారియర్. చూడగానే అర్థమైంది.

"తప్పయిపోయిందమ్మా. నాకు తెలీలేదు," అన్నాను.

"తప్పేముండాది నాయనా. నా కొడుకు ఆ బస్సెక్కే మద్రాసుకు పనికి పోయినాడు. ఐదేండ్లయింది. జాబు లేదు, జవాబు లేదు. వాడు బస్సు దిగేది నేనెప్పుడూ సూల్లేదు. పొద్దన నువ్వు సూపిచ్చినావు."

బోరింగు గట్టు మీద కూర్చుని గిన్నెలు విప్పింది. సంగటి, చింతాకు పప్పు. "ఆ దిగినోడు తిన్నాడే, అది ఇంగొకసారి చెయ్యి నాయనా. నిజంగానే తిను."

కాదనలేక, పొద్దున చేసినట్టే గబగబా మింగాను.

"వాడు అంత బిరీన తినడు," అంది ఆమె. "నిదానంగా తింటాడు."

నిదానంగా తిన్నాను. పొద్దున ఊరంతా నవ్విన చేష్టలే. నవ్వే జనం లేకపోయేసరికి అందులో ఏడుపు తప్ప ఏమీ మిగల్లేదు. ఇన్నేళ్లూ నేను నవ్వించినవాటిలో ఇలాంటివి ఎన్ని ఉన్నాయో అని భయమేసింది. సిగ్గేసింది. ఆమె మాత్రం నా ప్రతి ముద్దనూ చూస్తూ కూర్చుంది.

బస్సు హారన్ వినబడింది. ఆమె గబగబా గిన్నెలు కడిగి పేర్చుకుని లేచింది.

"అంతా నేనే తినేస్తినే అమ్మా. ఇంగ ఏం తీసకపోతావు?"

"వానికి ఇంట్లో తీసిపెట్టినా. దిగితే పిల్సుకోని పోతా."

ఖాళీ క్యారియర్‌తో ఆమె బస్సు వైపు నడిచింది. ఒక కాలు కొంచెం ఈడుస్తోంది. ఆ నడక నేను పొద్దున నడిచినట్టు లేనే లేదు.