శవపేటిక మీద కోడిపిల్ల

లిగాయా పని చెరపడం. మనీలాలో ఓ ఎత్తైన మేడలో, ఎముకలు కొరికే ఏసీ కింద కూర్చుని, జనం పెట్టే వీడియోల మీద వచ్చిన ఫిర్యాదులు చూసి, ఉంచాలో తీసెయ్యాలో తేల్చడం. ఇంట్లో అమ్మకు మాత్రం కంప్యూటర్ పని అని చెప్పింది. రోజంతా ఏం చూస్తుందో చెబితే ఆ తల్లికి అన్నం సహించదు.

మెతక మనిషి. సూపర్‌వైజర్ దాంతే ఏమన్నా తలూపేది. ఏది ఉంచాలో ఏది తీసెయ్యాలో చెప్పే రూళ్లు రాసినవాళ్లు సముద్రాల అవతల ఉంటారు, ఆమె ఉండే నవోతాస్ చేపల రేవు వైపు వచ్చిన పాపాన పోలేదు. అయినా లిగాయా వాటిని బట్టీ పట్టింది. ఈమధ్య ఎందుకో ఆమె తీర్పులు పైవాళ్ల తనిఖీలో తప్పని తేలుతున్నాయి. ఇంకొక్కటి తప్పైతే బ్యాడ్జీ ఇచ్చేసి వెళ్లాల్సిందేనని ఆ ఉదయమే దాంతే చెప్పాడు.

మధ్యాహ్నం తిని వచ్చి కూర్చోగానే ఆ లైవ్ వీడియో ఆమె ముందుకొచ్చింది. ఓ పేటలో ఇరుకు వీధి, టార్పాలిన్ పందిరి. శవజాగరణకు వచ్చినవాళ్లకు కాఫీ, బిస్కెట్లు, ఓ మూల పేకాట. మధ్యలో తెల్లటి శవపేటిక, అద్దం కింద ఓ కుర్రాడి ముఖం. అద్దం మీద పచ్చటి కోడిపిల్ల గింజలు ఏరుకు తింటోంది. తల్లి నెనీటా ఫోనుకు ఎదురుగా కూర్చుని ఉంది.

అదే పేట నుంచి ఫిర్యాదులు కుప్పలుగా వచ్చి పడుతున్నాయి. అన్నిట్లోనూ ఒకటే మాట, మూగజీవాన్ని హింసిస్తున్నారని. మూగజీవాల మీద ఆ పేటకు అంత ప్రేమ ఒక్క పూటలో ఎలా పుట్టుకొచ్చిందో ఆ దేవుడికే తెలియాలి.

లిగాయాకు ఆ ఆచారం తెలుసు. ఒకరు చంపగా పోయినవాడి పేటిక మీదే కోడిపిల్లను పెడతారు. అది గింజ పొడిచినప్పుడల్లా చంపినవాడి మనసును పొడుస్తుందని నమ్మకం. కుర్రాడు దొంగతనానికొచ్చి దెబ్బలు తిని పోయాడని పేట పెద్దమనుషులు అంటున్నారట. కాదు, పనిగట్టుకుని చంపారని చెప్పడానికే ఆ తల్లి కోడిపిల్లను పెట్టింది.

లిగాయా తమ్ముడు రోడెల్ పోయినప్పుడు వాళ్లమ్మ కోడిపిల్లను తెచ్చి కూడా పెట్టలేకపోయింది. చంపించాడని అందరూ గుసగుసలాడుకున్న మనిషే కాఫీ పొట్లాలు పట్టుకొచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. ఎవరూ నోరు మెదపలేదు. లిగాయా కూడా తల దించుకునే కూర్చుంది. ఆ కోడిపిల్ల వంటింట్లో బుట్ట కిందే పెరిగి పెద్దదైంది. దాన్ని కోయడానికి ఎవరికీ చేతులు రాలేదు.

తెర మీద నెనీటా నోరు విప్పింది. "వీధి చివర బైకుల మీద ఇద్దరున్నారు. పొద్దుట్నుంచీ అక్కడే. మీరు చూస్తున్నంతసేపే వాళ్లు లోపలికి రారు. దీన్ని మాత్రం ఆపకండమ్మా."

వెనక నుంచి దాంతే వంగి చూశాడు. "తీసెయ్. శవముంది, జంతువుంది, ఇన్ని ఫిర్యాదులున్నాయి. ఇంకా ఆలోచనేంటి?"

"కోడిపిల్లనెవరూ ఏమీ చెయ్యట్లేదు సర్, అది తింటోంది. ఎందుకు పెడతారో మీకు తెలీదా?"

"నాకు తెలుసు. రూలుకు తెలీదు."

అంత్యక్రియలైతే శవం కనబడినా ఉంచొచ్చని రూల్లోనే ఉందని ఆమె గొణిగింది. సరే, కానీ నేరం రుజువు కాని మనిషి పేరు చెప్పి హంతకుడంటే నిలువునా తీసెయ్యాలనీ ఉందిగా అన్నాడతను. కడుపు మండిన తల్లి పేరు చెప్పకుండా ఎంతసేపుంటుందన్నాడు. తను తిరిగొచ్చేసరికి అది కనబడకూడదని చెప్పి మీటింగుకు వెళ్లిపోయాడు.

లిగాయా 'ఉంచండి' నొక్కింది. కొత్త ఫిర్యాదులతో అదే లైవ్ మళ్లీ ఆమె ముందుకే వచ్చింది. మళ్లీ నొక్కింది. నెనీటా పెదవులు కదిలినప్పుడల్లా లిగాయా తెరకు మరింత దగ్గరగా వంగేది. ఒక్క పేరు చాలు, తన చేత్తోనే ఆపెయ్యాలి. ఆపితే బైకులు లోపలికొస్తాయి. చెప్పకు తల్లీ, చెప్పకు, అని లోపలే బతిమాలుకుంది.

నెనీటా చెప్పలేదు. ఫిర్యాదులతో పని జరగదని తెలిసిందేమో, బైకుల మీదున్న ఇద్దరిలో ఒకడు హెల్మెట్‌తోనే పందిరిలోకి దూసుకొచ్చాడు. ఎవరినీ పలకరించలేదు, పేటిక వంక చూడలేదు. తిన్నగా వెళ్లి కోడిపిల్లను గుప్పిట్లో పట్టుకున్నాడు.

నెనీటా లేచి ఫోనును అతని ముఖానికెదురుగా పట్టింది. గొంతు పెంచలేదు.

"నేనెవరి పేరూ చెప్పలేదు నాయనా. నువ్వే వచ్చి తీస్తున్నావు."

పేకాడుతున్నవాళ్లు ముక్కలు కింద పెట్టి ఒక్కొక్కరే లేచారు. వాడు చుట్టూ చూశాడు. కోడిపిల్లను అద్దం మీద వదిలేసి, వచ్చిన దారినే పోయాడు. లిగాయాకు ఏడుపు ముంచుకొచ్చింది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

దాంతే మీటింగు మధ్యలోంచే వచ్చినట్టున్నాడు, ముఖం మాడిపోయి ఉంది. పైనుంచి ఫోనొచ్చిందట. ఆ లైవ్ ఉంచిందెవరని, తెలిసే, హాలంతా వినబడేలా అడిగాడు. కుర్చీల్లో తలలన్నీ దిగిపోయాయి.

లిగాయా లేచి నిలబడి, మెడలోంచి బ్యాడ్జీ తీసింది.

"నేనే సర్. లిగాయా మంగుబాట్. రాసుకోండి."