రఫూ అత్త ఎర్ర దారం

రఫూ అత్త తెలియనివారు ఆ వీధిలో లేరు. కోటు చిరిగితే, దాని అంచు మడతలోంచే పోగులు లాగి, చిరుగు మీద మళ్ళీ గుడ్డ నేసేస్తుంది. చిరిగిందెక్కడో తొడుక్కున్నవాళ్ళే కనిపెట్టలేరు. కనబడితే అది రఫూ కాదు, అతుకు అంటుంది. ఆ మాటంటే ఆవిడకి ప్రాణం.

ప్రాణం సరే, గిరాకీ ఏదీ? చిరిగితే పారేసి కొత్తది కొనే రోజులాయె. నెలాఖరుకి అద్దె కొట్టు ఖాళీ చేసి తాళంచెవి యజమానికి ఇచ్చేయాలని అత్త తేల్చేసుకుంది. ఇంట్లో ఊరికే కూర్చోవడమంటే ఆవిడకి చేతులు కట్టేసినట్టే.

"ఒక్కసారి నా మాట విను అత్తా. నీ పని ఫోన్‌లో పెడదాం, జనం వాళ్ళే వస్తారు" అంది మేనకోడలు. అత్త పేరుతో ఖాతా తెరిచి, చిరిగిన నల్లకోటు ఫొటో ఒకటి, బాగైన కోటు ఫొటో ఒకటి పక్కపక్కనే పెట్టింది.

మంచికి పోతే చెడు ఎదురైంది. "ఇది వేరే కోటు. ఎవరి చెవిలో పూలు పెడతారు?" అని ఒకడు రాశాడు. వాడికి ఇంకో ఇరవైమంది వంత పాడారు.

అత్త ఆ పూట అన్నం ముట్టలేదు. "ముప్పై ఏళ్ళలో నన్ను అబద్ధాలకోరు అన్నవాళ్ళు లేరే. పని బాగా చేయడమే నా తప్పా?" అంది. కళ్ళనీళ్ళు ఆగలేదు.

మర్నాడు పొద్దున్నే చిరిగిన ఇంకో నల్లకోటు ముందేసుకుని, సూదిలోకి ఎర్ర దారం ఎక్కించింది.

"తియ్యవే వీడియో. కళ్ళున్న వాళ్ళందరికీ కనబడేట్టు వేస్తా."

ఒక పోగు కింద, ఒక పోగు పైన. దారం అలా కనబడుతుంటే, తల దువ్వుకోకుండా వీధిలోకి వచ్చినట్టు సిగ్గేసింది అత్తకి, పాపం. అయినా చివరిదాకా వేసి, "ఇదే నల్లదారమైతే మీకు కనబడదు. అంతే" అంది, సూదికేసే చూస్తూ.

వారం తిరిగేసరికి ఆ వీడియో చూసి వచ్చి కొట్టు ముందు ముగ్గురు నిలబడి ఉన్నారు. మొదటి అమ్మాయి కోటు మోచేతి దగ్గర చిరిగింది. అత్త అలవాటుగా అంచు మడత విప్పబోయింది.

"అది వద్దండీ. ఎర్ర దారంతో వేయండి."

"కనబడుతుందమ్మా."

"కనబడాలనే. మీ చేతి పని అని తెలియాలిగా."

అత్తకి ఒళ్ళు మండింది. ముప్పై ఏళ్ళు దాచడం నేర్చుకున్నది ఇందుకా అని గొణుక్కుంది. మేకుకి వేలాడుతున్న కొట్టు తాళంచెవి కేసి చూసింది. దారాల డబ్బా ముందుకు లాక్కుంది.

"ఆ ఎరుపు దీనికి నప్పదు. ఇంకాస్త ముదురుది తీస్తా, కూర్చో."