బెజవాడ దాకా విప్పని ముడి

నా చిన్నప్పుడు, తొమ్మిదేళ్లకే, ఒక మనిషి ప్రాణాన్ని ఒంటి చేత్తో మంగళగిరి నుంచి బెజవాడ దాకా మోసుకెళ్లాను. ఈ సంగతి నా నోట వినని ఇల్లు మా వీధిలో లేదు.

ఆ మనిషి మా చిన్న మామయ్య. నేసిన చీరల మూట సైకిలు మీద పెట్టుకుని వెళ్తూ, వీధి మలుపులో సోడా బండిని గుద్దుకున్నాడు. పగిలిన సీసా తొడను కోసేసింది. రక్తం ఆగడం లేదు. చుట్టూ చేరినవాళ్లలో ఒకరు పసుపు తెచ్చారు, పక్కింటావిడ గుప్పెడు కాఫీ పొడి తెచ్చింది.

"అది కాఫీలో వేసుకోవే తల్లీ" అంది మా అమ్మమ్మ.

మగ్గం దగ్గర వేళ్లు తెగడం మా ఇళ్లలో మామూలే. నొక్కి పట్టుకుంటే చిన్న గాయంలో రక్తం ఆగిపోతుందని ఆవిడకు తెలుసు. పెద్ద గాయమైతే ఇంకాసేపు నొక్కాలి, అంతే అనుకున్నట్టుంది. మూటలోంచి కొత్త చీర ఒకటి లాగి, మడిచి గాయం మీద పెట్టి, నన్ను నొక్కమని చెప్పి, లారీ ఆపడానికి రోడ్డెక్కింది. నా పక్కన మా పెద్దక్క ఉంది.

అమ్మమ్మ తిరిగొచ్చి మా ఇద్దరినీ ఒకసారి చూసింది. ఏమనుకుందో ఏమో, ఇంకో చీర చింపి నా అరచేతిని మామయ్య తొడకు కట్టేసింది.

"ఈ ముడి బెజవాడలో డాక్టరు గారే విప్పాలి. నువ్వు విప్పావంటే మామయ్య నీకు దక్కడు."

ఎక్కింది ఎండుమిరపకాయల లారీ. అందరికీ ఒకటే తుమ్ములు. నా ముక్కు కారుతుంటే తుడుచుకోవడానికి ఒక్క చెయ్యే మిగిలింది. అమ్మమ్మ మామయ్యను నిద్రపోనివ్వకుండా చీర అంచుకు ఎన్ని పోగులో అడుగుతోంది, తప్పు చెబితే తిడుతోంది. బ్యారేజీ మీదికి వచ్చేసరికి ఆయన జవాబులు ఆగిపోయాయి. ఏడుపొచ్చేసింది నాకు. ఏడుస్తూనే నొక్కాను.

ఆస్పత్రిలో డాక్టరు గారు ముడి కత్తిరించి, నా చెయ్యి మెల్లగా పక్కకు తీశారు. ఇలా తెచ్చారు కాబట్టే కుట్లు వేయడానికి మనిషి మిగిలాడన్నారు. ఆ తర్వాత మామయ్య నలభై ఏళ్లు నేశాడు.

అయినా నిజం ఒప్పుకోవాలి. మోసింది లారీ. నేను కదలకుండా కూర్చున్నాను, అదీ కదిలే వీలు లేక.

ఇప్పుడు మా ఊళ్లో ఆటోవాళ్లకు, మగ్గాలవాళ్లకు నర్సమ్మలు ఇదే నేర్పుతున్నారు. అంబులెన్సు వచ్చేదాకా గట్టిగా నొక్కండి, మాటిమాటికీ తీసి చూడకండి అని. పోయిన నెల హైవే మీద ఒక ఆటో డ్రైవరు దెబ్బ తగిలినవాడి గాయాన్ని అలాగే నొక్కి పట్టుకుని కూర్చున్నాడు, ఆ మనిషి బతికాడు. ఆస్పత్రికి ఎప్పుడూ కొంత దూరం ఉంటుంది గానీ, ఆ దూరం దాటించే చేతులు పెరిగాయి. నాకైతే ఎక్కడ భయం వేసినా కుడి అరచెయ్యి ఇప్పటికీ దానంతటదే కిందికి నొక్కుకుంటుంది.

మొన్న ఆ శిక్షణలో లేచి ఇదంతా చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు. వెనక వరుసలో మా పెద్దక్క కొట్టలేదు.

"అమ్మమ్మ ఊరికే కట్టిందేంట్రా నిన్ను? ఆవిడ అటు తిరగ్గానే రెండుసార్లు తీసి చూశావ్. రెండుసార్లూ నెత్తిన మొట్టి మళ్లీ నొక్కించింది నేను. అది కూడా చెప్పు వాళ్లకి."