నేను మెయిన్ దించిన పాట

2004 జూలై 9, శుక్రవారం, మధ్యాహ్నం మూడుంబావు. భివండీలో శుక్రవారం మరమగ్గాలకు, అంటే మా సాంచాలకు, సెలవు. పద్మనగర్‌లో మా కార్ఖానాలోని పన్నెండు సాంచాలూ ఆగి ఉన్నాయి. వాటి నడుమ సందులో మా అమ్మాయి, ఆమెతో కాలేజీలో చదివే ముగ్గురు అబ్బాయిలు గిటార్లు, డ్రమ్ములు పెట్టుకున్నారు. మోత వాడకు వినిపించకుండా షట్టర్ దించారు. బయట వాన, లోపల ఉక్క.

థానే నగరంలో వాళ్ల పాటల కార్యక్రమం ఉంది. తండ్రి ఒప్పుకుంటేనే ఆమె పాడాలి. "ముందుగాల నేను వింట. మంచిగుంటె మీ నాయనకు చెప్త" అన్నాను.

వాయించడం మొదలుపెట్టారు. డ్రమ్ము మీద ఒక దెబ్బ పడేది. రెండోది ఇక పడదేమో అనుకున్నాక పడేది. గిటార్ల మోత నేలలోంచి మోకాళ్లకెక్కి, ఛాతీ మీద బండలా కూర్చుంది. లేచి పోదామంటే దారికి అడ్డంగా వాళ్లే ఉన్నారు.

వోల్టేజీ పడితే సాంచాల చప్పుడు అట్లాగే బరువెక్కి, దెబ్బకు దెబ్బ దూరమవుతుంది. మోటార్లు కాలిపోకముందే మెయిన్ స్విచ్ దించాలి. ఆ రోజు సాంచాలు నడవడం లేదని నాకు తట్టేలోపే నా చేయి మెయిన్ దించేసింది.

చీకటైంది. డ్రమ్ములబ్బాయి నవ్వాడు. "గంత ఘోరంగ వాయించినమా చిన్నమ్మా?"

నేను మళ్లీ మెయిన్ వేశాను. గోడవైపు మొహం పెట్టి నిలబడ్డ మా అమ్మాయి ఇటు తిరిగింది. "మంచిగ పాడుతుంటె బందువెట్టినవేందమ్మా?"

"నువ్వెప్పుడు పాడినవే?"

ఎవరూ నవ్వలేదు. సాంచాల మోతలో మేము పెదవులు చూసి మాట్లాడుకుంటాం. ఇంట్లోనూ నేను అట్లాగే వింటున్నానని అప్పటిదాకా నాకే తెలియదు. నా ఎదుట నిలబడి మళ్లీ పాడమన్నాను. తొమ్మిది నిమిషాల పాట. నోరు తెరిచింది, మెడనరాలు ఉబ్బాయి. మోత తప్ప నాకేమీ అందలేదు.

"మంచిగుందని చెప్పమ్మా, ఏమైతది?" అంది.

ఆ సాయంత్రం ఆమె తండ్రి అడిగినప్పుడు, వినబడలేదని ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

"నువ్వే వినలేదంటివి. ఇగ నేనేం జెప్పాలె? వద్దు" అన్నాడు.

ఆ నెలాఖరుకు ఆ అబ్బాయిలు పాడటానికి ఇంకో అమ్మాయిని పెట్టుకున్నారు. కల్యాణ్‌లో డాక్టరు నా చెవులు పరీక్ష చేసి, సన్నటి స్వరాలు వినికిడిలోంచి పోయాయని, తిరిగి రావని చెప్పాడు.

పోయినవి: ముప్పై ఒక్క ఏళ్ల సాంచాల పనిలో రెండు చెవులకూ సన్నటి స్వరాలు. థానే కార్యక్రమం ఒకటి. మా అమ్మాయి నాతో మాట్లాడని అయిదు నెలల పదకొండు రోజులు. నాకు, ఆమె గొంతు.