జీడిమెట్ట మీద తెల్ల రాళ్లు

కెజియా యాభై ఏళ్లుగా నర్సీపట్నంలోనే ఉంటోంది. అయినా మీదే ఊరని ఎవరడిగినా లోవపాలెం అంటుంది. ఆ పేరు ఏ బస్సు బోర్డు మీదా కనబడదు. గొలుగొండ అవతల రిజర్వాయరు అడుగున ఉన్న ఊరికి బస్సెవడు వేస్తాడు? నీళ్ల కింది ఊరిని పట్టుకుని ఇంకా వేలాడుతోందని సందులో వాళ్లు నవ్వుతారు. వాళ్లకి సొంత ఊళ్లున్నాయి కనక నవ్వొస్తుంది.

ఊరంతా మునిగినా ఊరి వెనకనున్న జీడిమెట్ట మాత్రం మునగలేదు. చుట్టూ నీళ్లు చేరి లంకైపోయింది. దాని నడినెత్తిన కెజియా తండ్రి దయాసాగర్ వేసిన రెండెకరాల జీడితోట ఉంది. ఆ రెండెకరాల కోసం ఆయన చచ్చేదాకా ఆఫీసుల చుట్టూ కాళ్లరిగేలా తిరిగాడు. మునగని నేలకి నష్టపరిహారం ఏమిటన్నారు. మునగలేదు కదా, నా పేరు రాయండి అంటే, చుట్టూ నీళ్లు సర్కారువైతే మధ్యలో నేల నీదెలా అవుతుందన్నారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆయన పోయాక ఆ తిరుగుడు కూతురి వంతుకొచ్చింది.

కెజియా ఆర్టీసీ కాంప్లెక్సు వెనక సందులో స్కూలు పిల్లల యూనిఫారాలు కుడుతుంది. ఇప్పటికి తొమ్మిది అద్దె ఇళ్లు మారింది. గోడకి మేకు కొట్టాలన్నా ఇంటివాళ్లని అడగాలి. భర్త పోయాక ఆవిడకి మిగిలిన కోరిక ఒక్కటే. ఆ తోటలో చిన్న పాక వేసుకుని, తన నేల మీద తన పొయ్యి రాజేసుకుని, గంజి కాచుకు తాగాలి. వేసవి వచ్చి జీడిపళ్లు పండాయంటే మిషను ముందు కూర్చున్నా ఆవిడకి ఆ వాసనే వస్తుంది. గుండెలో ఏదో పట్టి లాగుతుంది. అప్పుడు కుట్టు వంకర పోతుంది, విప్పి మళ్లీ కుట్టుకుంటుంది.

ఏడాదికోసారి, ఈస్టర్‌కి ముందు శనివారం, చేపలు పట్టేవాళ్ల పడవెక్కి మెట్టకి వెళుతుంది. అక్కడ తల్లి రాచెల్ సమాధి ఉంది. నీళ్లొస్తున్నాయని తెలిసిన ఏడాది ఊళ్లో వాళ్లు ఇళ్లకంటే ముందు తమవాళ్ల ఎముకలు తవ్వి పైకి మోసుకెళ్లారు. హిందువులూ, క్రైస్తవులూ కలిపి పదిహేడు మంది పోయినవాళ్లు. ఎక్కడ పెట్టాలా అని అందరూ మొహాలు చూసుకుంటుంటే దయాసాగర్ తన తోట అంచు చుట్టూ చోటిచ్చాడు. వాళ్లలో తన భార్యకి తర్వాత సిమెంటు సమాధి కట్టించాడు. మిగతా పదహారు మందికీ తలో రాయి. కెజియా తల్లి సమాధికి సున్నం వేశాక, మిగిలింది పారబోయడం దేనికని ఆ రాళ్లకీ పూసి వచ్చేది. తల్లి రాయి చూసుకోడానికి వచ్చే చిన్ననాటి పొరుగు అప్పలకొండ తప్ప వాళ్ల తాలూకు అందరూ ఇటు రావడం మానేశారు, సున్నం మాత్రం ఆగలేదు.

ఈ వేసవిలో భూములన్నీ మళ్లీ కొలిచే రీసర్వే వచ్చింది. డ్రోను ఎగిరింది. మెట్ట మీద కాటేజీలు కడతామని ఒక కంపెనీ లీజుకి అడిగిందనీ, ఎవరి పేరూ పడని నేలంతా వాళ్లకే పోతుందనీ చెప్పుకున్నారు. కెజియా అప్పలకొండని వెంటబెట్టుకుని మెట్టకి పడవెక్కింది. ఆయనది గొలుగొండలో చెరకు సేద్యం, ఆవిడకి అన్న వరస.

సర్వేయరు గోవింద్ కుర్రవాడే గాని మర్యాద తెలిసినవాడు. డ్రోను తీసిన ఫొటో చూపించాడు. పచ్చటి తోట, దాని చుట్టూ వరసగా తెల్ల చుక్కలు.

"సరిహద్దు రాళ్లకి సున్నం వేసి భలే కాపాడుకున్నారమ్మా. సాగూ ఉంది, హద్దులూ ఉన్నాయి. మీ పేరు రాసేస్తాను" అన్నాడు.

యాభై ఏళ్లుగా తండ్రీ కూతుళ్లూ వినాలని చెవులు కోసుకున్న మాట అది. కెజియా ఈ రాళ్లనేం చేస్తారని అడిగింది. వీటిని పీకేసి కొత్తవి పాతుతామన్నాడు. అవి సమాధులైతేనో అంది. అలాగైతే మెట్ట మొత్తం శ్మశానం కింద రాయాలి, కాటేజీలు రావు, కాని మీకు పట్టా రాదు, ఈ చెట్టు కూడా మీది కాదన్నాడు.

అప్పలకొండ ఆవిడని పక్కకి పిలిచాడు. "హద్దు రాళ్లే అని సెప్పీ సెల్లీ. నేల మీ నాన్నదే కదా, అబద్ధమేటుంది? మాయమ్మేటీ అనుకోదు" అన్నాడు.

ఆ మాటకే కెజియాకి ఏడుపొచ్చింది. పొయ్యి ఎక్కడ పెట్టాలో, పాక గుమ్మం ఎటుండాలో ఆవిడ ఎన్నోసార్లు అనుకున్న చోటే అప్పుడు నిలబడి ఉంది. ఆ నేల కావాలి. ఎంత కావాలో దేవుడికే తెలుసు. నాన్న వేసిన జీడిచెట్టు మొదలు ఒకసారి చేత్తో తడిమింది. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని మొదటి రాయి దగ్గరికి నడిచింది.

"ఇది రాయి కాదు బాబూ. ఈ అన్న తల్లి, లోవమ్మ. ఆ పక్కన కొండన్న తాత. అటేపు రామాయమ్మ, పురిట్లో పోయింది..." అంటూ పదిహేడు పేర్లూ చెప్పింది. అప్పలకొండ తలగుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు.

గోవింద్ అన్నీ రాసుకున్నాడు. పైన శ్మశానం అని రాశాడు. రాయడం అయ్యాక కూడా కదల్లేక, మరి మీకేం మిగిలిందమ్మా అని అడిగాడు.

కెజియా తల్లి సమాధి పక్కనున్న ఖాళీ నేలకేసి చూసింది.

"మాయమ్మ పక్కన ఆరడుగులుంది బాబూ. దానికి నా పేరు రాయక్కర్లేదు. లోవపాలెం ఆడకూతురంటే సాలు."